బంగాళాదుంపల మధ్య తెల్ల ఆస్టర్లు

కెద్రోవ్కా మిల్లు,
1977 అక్టోబరు 9

కపితోలినా వదినకు,

నువ్వు అడగకముందే చెప్పేస్తున్నాను. ఈ ఏడాది కూడా నా ఆస్టర్లు మంచుకి పోయాయి. మొగ్గలు విచ్చుకుందామా వద్దా అని ఆలోచిస్తుండగానే ఆగస్టు చివర్లో ఒకరోజు తెల్లారేసరికి మడి మొత్తం ఉడకబెట్టిన క్యాబేజీలా నల్లబడి వాలిపోయింది. సెప్టెంబరు ఒకటిన బడి తెరిస్తే, పిల్లలు టీచర్లకి ఇవ్వడానికి బంతిపూలు తప్ప ఏమీ మిగల్లేదు. నవ్వుకో. మంచుకొండ మీద కూర్చున్నదానివి నువ్వు, పూలు నీ దగ్గర పూస్తాయి, నా దగ్గర పూయవు.

డేలియా దుంపలు తవ్వి నేలమాళిగలో ఇసకలో పెట్టాను. నువ్వడిగిన ముద్దబంతి గింజలు ఈ కవరులోనే ఉన్నాయి. నాకు మాత్రం నీ దగ్గరున్న ఆ తెల్ల ఆస్టరు గింజలు పంపు. అన్నిటికంటే ముందు పూస్తుందని గొప్పలు పోయావు చూడు, అది. పిసరంత కాదు, దోసిలి నిండా పంపు.

ఇంకో సంగతి. మా ఎమ్మా గెన్రిఖోవ్నాని బడిలోంచి తీసేశారు. ఊళ్ళో సగం మందికి అక్షరాలు నేర్పిన మనిషి. చేసిన నేరమేమిటంటే, వేసవి సెలవులకి ముందు పిల్లల్ని కలప మిల్లు వెనక పైన్ చెట్ల తోపులోకి తీసుకెళ్ళింది. అక్కడ నేల ఉబ్బెత్తుగా, వరసలుగా ఉంటుంది, నీకు గుర్తుండే ఉంటుంది. ఎప్పుడో టైఫాయిడ్‌తో పోయినవాళ్ళని పూడ్చిన గోతులని మాకు చెబుతుంటారు. అక్కడ గడ్డి పీకించి, నా దగ్గర తీసుకెళ్ళిన బంతి మొక్కలు నాటించింది. "ఇక్కడ మనుషులున్నారు పిల్లలూ, తొక్కకండి" అందట. అంతే. బంతిపూలు వేసవంతా పూశాయి, జిల్లా నుంచి వచ్చిన పెద్దమనిషెవరో చూశాడు, అయిపోయింది.

క్లబ్బులో సమావేశం పెట్టి, ఆవిడని తీసేయడానికి ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తమన్నారు. అందరూ ఎత్తారు. పక్కావిడ నన్ను మోచేత్తో పొడిచి, "ఎత్తవే తాస్యా, ఇంటిదగ్గర సూప్ చల్లారిపోతోంది" అంది. నేను ఎత్తలేదు. ధైర్యమూ కాదు, పాడూ కాదు. ఒళ్ళు మండింది. ఆ బంతి మొక్కలు నావి.

మీ తమ్ముడు బాగానే ఉన్నాడు. నడుము నొప్పి అంటున్నాడు.

నీ మరదలు,
తైసియా


కిరోవ్స్క్,
నవంబరు 2

తాస్యాకి,

అడిగింది పంపుతున్నాను, అడగనిది కూడా చెబుతున్నాను. ముందు అడిగింది.

పొట్లంలో ఉన్నవి ఆ తెల్లవే. పదేళ్ళుగా ప్రతి ఏడాదీ మడిలో అన్నిటికంటే ముందు విచ్చిన మొక్క నుంచే గింజ తీస్తున్నాను. మిగతావి ఎంత అందంగా పూసినా కత్తిరించి గాజు సీసాలో పెట్టేస్తాను తప్ప గింజకి ఉంచను. మా దగ్గర సెప్టెంబరులో మంచు కురిసి కొండ తెల్లబడేలోపు ఇవి పూసి, గింజ కట్టి, చేతులు దులుపుకుంటాయి. మార్చి చివర్లో కిటికీ దగ్గర పెట్టెల్లో చల్లు. మట్టిని పొయ్యిలో వేడిచేసి వాడు. నీళ్ళు ఎక్కువ పోశావో, కాడ మొదట్లో నల్లబడి పడిపోతాయి. నీ చెయ్యి నాకు తెలుసు. నీకు జాలెక్కువ, నీళ్ళూ ఎక్కువే.

ఇక అడగనిది. సమావేశంలో చెయ్యెత్తనంత మాత్రాన ఎవరి ఉద్యోగమూ తిరిగి రాదు. నోరు మూసుకుని పూలు పెంచుకో. ఆ తోపు జోలికి పోకు. ఎందుకని అడక్కు. నేను ఆ ఊళ్ళో పెరిగినదాన్ని, నువ్వు పెళ్ళయి వచ్చినదానివి. కొన్ని నీకు తెలియవు.

నడుము నొప్పి సంగతి తర్వాత. మా తమ్ముడు సవేలీ చెయ్యెత్తాడా, లేదా? ఉత్తరమంతా వెతికాను, ఎక్కడా రాయలేదు.

కపితోలినా


కెద్రోవ్కా మిల్లు,
1978 ఏప్రిల్ 16

వదినకు,

మా ఇంట్లో ఇప్పుడు పగలు కూడా దీపం పెట్టుకోవాలి. కిటికీలన్నిటికీ నీ ఆస్టర్ల పెట్టెలే. "వీధిలో ఎవడొస్తున్నాడో చూడ్డానికి లేదు" అని మీ తమ్ముడు గొణుగుతాడు. "వచ్చేవాడు తలుపు కొడతాడులే" అంటాను. నీళ్ళు చెంచాతో పోస్తున్నాను, కోప్పడకు. ఒక్కటంటే ఒక్కటి పడిపోలేదు.

అయితే గింజలన్నీ నేనే చల్లలేదు. దోసిలి నిండా ఉన్నవి ఒక్క మడిలో ఎందుకనిపించింది. నాది కాస్తా ఎండకో మంచుకో పోతే మళ్ళీ మొదటికొస్తాం. పాత పత్రిక చింపి చిటికెడు చిటికెడు పొట్లాలు కట్టి వీధి వీధీ తిరిగాను. ఎవరడిగినా ఒకటే మాట చెప్పాను: "సెప్టెంబరు ఒకటిన ఎమ్మా గెన్రిఖోవ్నా గుమ్మం ముందు పెట్టడానికి." ఆవిడ ఇప్పుడు క్లబ్బులో కోట్లు తగిలించే చోట పనిచేస్తోందిలే. సినిమాకొచ్చిన వాళ్ళ కోట్లు అందుకుంటూ "నీ కాలరు చిరిగింది, కుట్టించుకో" అంటుంటుంది. ఇంకా టీచరే.

తలుపులు మొహం మీదే వేస్తారనుకున్నాను. ఒక్కరూ వేయలేదు! తలెత్తి చూడకుండా చెయ్యి చాపి తీసుకున్నారు. సమావేశంలో అందరికంటే ముందు చెయ్యెత్తిన మోతుబరులు కూడా. చివరింటి పెలగేయా బామ్మ పొట్లం విప్పి చూసి, "తెల్లవేనా?" అంది. తెల్లవే అన్నాను. "అయితే ఇంకో చిటికెడు పెట్టు. నాకు ఇద్దరున్నారు" అంది. ఎవరు ఇద్దరో అర్థం కాలేదు. ముసలామెకి పిల్లలే లేరు కదా. వయసు మీద పడింది పాపం అనుకుని పెట్టాను.

కొత్త హెడ్‌మాస్టరు వికెంతి పావ్లోవిచ్ మొన్న వచ్చాడు. టోపీ తీసి, గొంతులో తేనె పోసుకుని, "తైసియా నికనోరొవ్నా, బడి తెరిచే రోజుకి ఎప్పటిలాగే మీ పూలు ఉంటాయి కదా?" అన్నాడు. "పూలుంటాయి. మీకు అని మాత్రం నేను అనలేదు" అన్నాను. టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

నువ్వడిగిన దానికి జవాబు వచ్చే ఉత్తరంలో రాస్తాను. చోటు చాలడం లేదు.

తైసియా


కెద్రోవ్కా మిల్లు,
జూన్ 19

వదినా,

నా మడి దున్నేశారు.

మిల్లు వాళ్ళ కాగితం వచ్చింది. కార్మికులకిచ్చిన స్థలాలు బంగాళాదుంపలకి, కూరగాయలకి మాత్రమేనట, పూలు పెంచితే దుర్వినియోగమట. ఇరవై ఏళ్ళుగా పెంచుతున్నాను, ఇప్పుడు తెలిసిందా? కాగితం చదివి మడిచేలోపే ట్రాక్టరు కంచె దగ్గరుంది. తోలేవాడు నా మొహం వైపు చూడలేదు. "అత్తా, నేను కాదు, పంపారు" అన్నాడు. "పంపినవాణ్ణే తోలమను, నువ్వు దిగు" అన్నాను. దిగలేదు. ఒక్కసారి అటూ ఇటూ తిరిగాడు, అంతే. ఆస్టర్లు, డేలియాలు, ఫ్లాక్సులు, నీ పెళ్ళిరోజున నాటిన పియొనీ పొదతో సహా పోయాయి.

ఏడ్చాను అనుకుంటున్నావేమో. ఆ సాయంత్రమే ఆ మట్టిలో బంగాళాదుంపలు నాటాను. వాళ్ళు చెప్పినట్టే, తిన్నగా, వరసగా. పని అయ్యాక పెలగేయా బామ్మ కంచె మీంచి వంగి, "మావి దున్నలేదుగా" అంది. వెనక్కి తిరిగి చూశాను. ఆమె బంగాళాదుంపల సాళ్ళ మధ్య ఆస్టరు నారు. పక్కింట్లోనూ అంతే. ఆ పక్కింట్లో ఉల్లిమడిలో, ఎదురింట్లో కోళ్ళగూడు పక్కన. ఒకళ్ళ తోటయితే దున్నేశారు, వీధి వీధంతా దున్నమను చూద్దాం!

చోటు చాలదన్న జవాబు ఇప్పుడు రాస్తున్నాను. సవేలీ చెయ్యెత్తాడు. ఊరికే ఎత్తడం కాదు, తర్వాత ఆవిణ్ణి తీసేయాలనే కాగితం తిప్పితే రెండో సంతకం ఆయనదే. ఫోర్‌మన్ కదా, వరసలో ముందుంటాడు. నీకు తెలిస్తే మనసు కష్టపెట్టుకుంటావని దాచాను. ట్రాక్టరు వచ్చిన రోజు కూడా మిల్లులోనే ఉన్నాడు. సాయంత్రం వచ్చి, దున్నిన మట్టి చూసి, బూట్లు విప్పుకున్నాడు. మేం ఇద్దరం ఇప్పుడు పిల్లితో మాట్లాడుకుంటున్నాం. "మీ అయ్యగారికి సూప్ కావాలేమో అడుగు" అని నేను. "ఉప్పు తక్కువైందని చెప్పు" అని ఆయన. పిల్లి బాగా బలిసింది.

తైసియా


కిరోవ్స్క్,
జులై 5

తాస్యాకి,

ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు. మా పక్కింటామె రైల్లో బోగీ చూసుకునే ఉద్యోగం చేస్తుంది, పెర్మ్ పట్నం దాకా వస్తుంది. అక్కడి నుంచి వాళ్ళ చెల్లెలు తెచ్చిస్తుంది. చదివాక పొయ్యిలో వేస్తావో దాచుకుంటావో నీ ఇష్టం. నాకు భయపడి భయపడి విసుగొచ్చింది.

మా నాన్న సంగతి కూడా నీకు తెలియదని నాకు ఇప్పుడే తెలిసింది. పెళ్ళయి ఇన్నేళ్ళయింది, వాడు చెప్పే ఉంటాడనుకున్నాను. మా నాన్న యుద్ధంలో పోలేదు తాస్యా. గోడకి వేలాడే ఆ ఫొటో మా మేనమామది. మా నాన్న ఆ తోపులో ఉన్నాడు.

మాది ఆ ఊరు కాదు. మాకు దక్షిణాన పొలం ఉండేది, రెండు గుర్రాలుండేవి. రెండు గుర్రాలున్నందుకు ధనిక రైతులని ముద్ర వేసి, పందొమ్మిది వందల ముప్ఫయ్యో సంవత్సరం చలికాలంలో మమ్మల్ని బండెక్కించి, రైలెక్కించి, చివరికి అడవిలో దింపారు. మిల్లు లేదు, ఇళ్ళు లేవు. మొదటి చలికాలమే నాన్న పోయాడు. అమ్మ మంచుబండి మీద పడుకోబెట్టి లాగింది, నేను వెనకనుంచి తోశాను. నాకు ఐదేళ్ళు దాటాయేమో. సవేలీ అమ్మ కడుపులో ఉన్నాడు. పేరు రాయనివ్వలేదు, గుర్తు పెట్టనివ్వలేదు. మా నాన్న పక్కన పెలగేయా బామ్మ మొగుడున్నాడు, అతని పక్కన వాళ్ళ చంటిబిడ్డ. ఆమెకి ఇద్దరున్నారు. మతి పోయి కాదు ఆ మాట అన్నది.

అది టైఫాయిడ్ గొయ్యి కాదు. ఆ ఊళ్ళో పాత ఇళ్ళవాళ్ళు అందరికీ తెలుసు. చెయ్యెత్తిన ప్రతివాడికీ తెలుసు. అందుకే ఎత్తారు. ఎత్తకపోతే, "నీకెవరున్నారక్కడ?" అని అడుగుతారని. నేనూ ఆ ప్రశ్నకే భయపడి ఈ కొండల్లోకి వచ్చి పడ్డాను. ఇక్కడ నన్నెవరూ అడగలేదు. ఇన్నేళ్ళు క్యాంటీనులో గంజి కలుపుతూ బతికేశాను.

సవేలీని తిట్టడానికి నాకు నోరు రావడం లేదు. నువ్వు తిట్టు. కాదు, అడుగు. ఆ ఎమ్మా గెన్రిఖోవ్నా మా నాన్నకి బంతిపూలు పెట్టింది. ఆవిడ ఎవరు, మేం ఎవరం! సొంత కొడుకు ఆవిణ్ణి తీసేయమని సంతకం పెట్టాడు. ఈ మాట అడుగు.

నోరు మూసుకొమ్మని నేను రాసిన ఉత్తరం చింపెయ్. ఆస్టర్లకి ఆగస్టులో మంచు పడే సూచన కనిపిస్తే సాయంత్రమే మొదట్లో నీళ్ళు పట్టించి, ఎండ పోకముందే గుడ్డలు కప్పండి. కప్పిన గుడ్డ ఆకుకి తగలకూడదు, పుల్లలు పాతి వాటిమీద పరవాలి. దుప్పట్లు, కోట్లు, పరదాలు, ఏదున్నా సరే. ఒక్క మొగ్గ పోవడానికి వీల్లేదు.

కపితోలినా


కెద్రోవ్కా మిల్లు,
ఆగస్టు 27

వదినా,

నీ ఉత్తరం పొయ్యిలో వేయలేదు.

అందిన రోజు చాలాసేపు ఏ పనీ చేయలేకపోయాను. ఫొటోలో ఉన్న మీ మేనమామకి ఇన్నేళ్ళూ యుద్ధం గెలిచిన విజయదినం నాడు, మామగారనుకుని, నేను వోడ్కా గ్లాసు పెడుతున్నాను కదా! సవేలీ భోజనానికొచ్చాడు. పిల్లిని బయటికి పంపి తలుపు వేశాను.

"మీ నాన్న ఎక్కడున్నాడు?" అన్నాను.

చెంచా నోటిదాకా వెళ్ళి ఆగింది. "తెలిసిందేగా. యుద్ధంలో..."

"అక్క రాసింది."

చెంచా కింద పెట్టాడు. రొట్టె ముక్క తీసుకుని పొడి పొడి చేశాడు. "నీకు చెబితే ఏం చేసేదానివి?" అన్నాడు.

"నీ పక్కన నిలబడేదాన్ని."

"నిలబడితే? ఇద్దర్నీ తీసేసేవాళ్ళు. మా అమ్మ చచ్చేముందు నా చెయ్యి పట్టుకుని ఏం చెప్పిందో తెలుసా? నోరెత్తకు అంది. ఎత్తలేదు."

"నోరెత్తలేదులే. చెయ్యెత్తావు."

మొహం ఎర్రబడింది. కొడతాడేమో అనుకున్నాను, ఎప్పుడూ కొట్టినవాడు కాదు. లేచి షెడ్డులోకి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత పిల్లితో కూడా మాట్లాడ్డం మానేశాడు.

నిన్న మధ్యాహ్నం నుంచే గాలి ఆగిపోయి ఆకాశం గాజులా అయింది. రాత్రికి మంచు పడుతుందని అందరికీ అర్థమైంది. ఎండ ఉండగానే వీధంతా బయటికొచ్చింది. నువ్వు చూసి ఉండాల్సింది! దుప్పట్లు, గొర్రెతోలు కోట్లు, టేబులు గుడ్డలు, ఎవరిదో పెళ్ళికూతురి ముసుగు కూడా. పెలగేయా బామ్మ తన పరుపే మోసుకొచ్చింది. "నువ్వెక్కడ పడుకుంటావే?" అంటే, "పొయ్యి మీది వెచ్చటి అరుగు మీద. మీరంతా పుట్టకముందు అక్కడే పడుకున్నా" అంది. బట్టలు చాలలేదు. సగం మడులు ఇంకా కప్పకుండా ఉండగానే మిల్లు బండి వచ్చి ఆగింది. కలప కప్పే పెద్ద తార్పాలిన్లతో సవేలీ దిగాడు. ఎవరి అనుమతితో తెచ్చావని ఎవరూ అడగలేదు. ఒక అంచు ఆయన పట్టుకున్నాడు, రెండో అంచు నేను. "ఆకుకి తగలనివ్వకు" అన్నాను. "తెలుసు" అన్నాడు. ఇన్ని రోజులకి మా ఇద్దరి మధ్య నడిచిన మాటలు అవే.

పొద్దున్న తీసి చూస్తే గుమ్మడి పాదులు, దోస పాదులు నల్లగా మాడిపోయాయి. ఆస్టర్లు ఒక్కటి కూడా పోలేదు. పెలగేయా బామ్మ మడిలో ముందే విచ్చిన పూలున్నాయి. మొదట విచ్చినదానికి ఎర్ర దారం కట్టించాను. గింజకి.

తైసియా


కెద్రోవ్కా మిల్లు,
సెప్టెంబరు 4

వదినా,

కాస్త నిదానంగా రాస్తాను, ఏదీ వదలకూడదు.

ఒకటో తారీకు పొద్దున్నే బడి ముందు రికార్డు మోగుతోంది. వికెంతి పావ్లోవిచ్ కొత్త కోటు వేసుకుని మెట్ల మీద నిలబడ్డాడు. అన్ని సందుల్లోంచీ పిల్లలు వస్తున్నారు, పెద్ద రిబ్బన్లు, తెల్ల ఏప్రన్లు, చేతుల నిండా తెల్ల ఆస్టర్లు. హెడ్‌మాస్టరు మొహం వెలిగిపోయింది. పిల్లలు గేటు దాకా వచ్చారు. గేటు దాటి క్లబ్బు వైపు తిరిగారు.

"ఇటు! ఇటు పిల్లలూ!" అని ఆయన మెట్లు దిగాడు.

"వాళ్ళకి దారి తెలుసులే నాయనా" అంది పెలగేయా బామ్మ. తల్లులు, తండ్రులు, ముసలివాళ్ళు, అందరం వెనకే నడిచాం.

ఎమ్మా గెన్రిఖోవ్నా క్లబ్బు మెట్లు ఊడుస్తోంది. మమ్మల్ని చూసి చీపురు గోడకి ఆనించింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది, మళ్ళీ పెట్టుకుంది. ఆవిడ ఏడిస్తే నేనూ ఏడ్చేదాన్ని. ఏడవలేదు. "గుంపుగా ఏమిటది? వరసలో నిలబడండి" అంది. నిలబడ్డారు. మేం కూడా నిలబడ్డాం. ఒక్కొక్కరి దగ్గరా పూలు తీసుకుంటూ పేరు అడిగింది. ఇంటిపేరుతో సహా చెప్పమంది. చెప్పాక తాను మళ్ళీ గట్టిగా పలికింది. ఆ ఇంటిపేర్లు ఒక్కొక్కటీ విని ముసలివాళ్ళు టోపీలు తీశారు. అప్పుడు నాకు తెలిసింది, అవి తోపులో ఉన్నవాళ్ళ ఇంటిపేర్లు కూడా అని.

"ఇన్ని పూలు ఎక్కడ పండించారు?" అంది.

ఒక బుడ్డది, "మా బంగాళాదుంపల్లో!" అంది. అందరం నవ్వాం. ఎమ్మా గెన్రిఖోవ్నా అందరికంటే గట్టిగా నవ్వింది.

తర్వాత, "పదండి, గంట కొట్టేస్తారు. నా పిల్లలు ఆలస్యంగా వెళ్ళారంటే నాకు తలవంపులు" అని తనే బడి గేటు దాకా నడిపించింది. లోపలికి అడుగు పెట్టలేదు. పిల్లలు వట్టి చేతులతో లోపలికి వెళ్ళారు. హెడ్‌మాస్టరు ఉపన్యాసం చదివాడట, ఎదురుగా ఒక్క పువ్వు లేదు.

పూలన్నీ ఆవిడ ఒళ్ళో పట్టవు కదా. "ఇవి నాకొక్కదానికే ఎందుకు?" అని మాకే పంచింది. ఎక్కడికని ఎవరూ అడగలేదు. పట్టపగలు, మిల్లు ముందున్న పెద్దరోడ్డు మీంచే వెళ్ళాం. అప్పుడే షిఫ్టు నడుమ విరామానికి మిల్లు కూత వేసింది. మిల్లు గేటులోంచి సవేలీ వచ్చాడు, పని బట్టల్లోనే, చేతిలో ఆస్టర్లతో. ఎప్పుడు కోసుకున్నాడో నాకు తెలియదు. ఆఫీసు కిటికీలోంచి ఎవరో అరిచారు: "రుసకోవ్! పనివేళలో ఎక్కడికి?"

ఆగాడు. తలెత్తి కిటికీ వైపు చూశాడు. "మా నాన్న దగ్గరికి" అన్నాడు.

ఊరంతా విన్నది వదినా. రంపాలు కూడా ఆ క్షణాన ఆగి ఉన్నాయి.

తోపులో ఆయన వెతుక్కోలేదు. తిన్నగా వెళ్ళి ఒక గుట్ట దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఇన్నేళ్ళుగా ఏ పుట్టగొడుగుల వేటకి వచ్చినప్పుడో దూరం నుంచి చూసుకుంటూనే ఉన్నాడన్నమాట. నేను పక్కన కూర్చున్నాను.

మర్నాడే ఆయన్ని ఫోర్‌మన్ పని నుంచి తీసేసి కలప యార్డులో వేశారు. ఎమ్మా గెన్రిఖోవ్నాని బడిలోకి తిరిగి తీసుకోలేదు, తీసుకోరు కూడా. అయినా మా ఇంట్లో ఇప్పుడు పిల్లి అవసరం లేదు.

తైసియా


కిరోవ్స్క్,
సెప్టెంబరు 17

తాస్యా,

నిన్న ఇక్కడ మొదటి మంచు పడింది. నీ ఉత్తరం క్యాంటీనులో అందరి ముందు గట్టిగా చదివాను. "ఎవరి నాన్న?" అని అడిగారు. "మా నాన్న" అన్నాను. ఇన్నేళ్ళు దాచినదానికి ఇంతేనా పట్టేది అనిపించింది. చదవడం అయ్యాక గిన్నెలు కడిగే ముసలాయన వచ్చి, తనకీ ఒకరున్నారని, పేరు చెప్పాడు. గింజలు అడిగాడు. ఇచ్చాను.

జూన్‌లో సెలవు పెట్టి వస్తున్నాను. ఎవరు ఆపుతారో చూస్తాను. సవేలీని రెండు ముక్కలు రాయమను. పుట్టి బుద్ధెరిగాక నాకొక్క ఉత్తరం రాయలేదు వాడు.

కపితోలినా


కెద్రోవ్కా మిల్లు,
సెప్టెంబరు 30

అక్కా,

తాస్యా పక్కన కూర్చుని రాయమంటోంది. రాయడం నాకు రాదు.

చెయ్యెత్తాను. సంతకం కూడా పెట్టాను. ఎమ్మా గెన్రిఖోవ్నా ఇంటికెళ్ళి ఆ మాటే చెప్పాను. కూర్చోమని టీ ఇచ్చింది. నా రాత ఇప్పటికీ బాగాలేదంది.

నాన్న దగ్గర ఒక చెక్క పలక పాతాను. యెఫీమ్ దెమిదోవిచ్ రుసకోవ్ అని చెక్కాను, పూర్తిగా. పెలగేయా బామ్మ వాళ్ళిద్దరికీ చెక్కాను. మర్నాటికి మూడూ పీకేశారు. మళ్ళీ పాతాను. మళ్ళీ పీకారు. నిన్న మళ్ళీ పాతాను, ఈసారి ఇంకా ఆరు ఇళ్ళవాళ్ళు పేర్లిచ్చారు.

నువ్వు బెంగపెట్టుకోకు. నన్ను కలప యార్డులో వేశారు కదా. పీకేవాళ్ళకి ఓపిక ఎంతుందో తెలియదు గానీ, నా దగ్గర చెక్కలకి మాత్రం కొదవ లేదు.

నీ తమ్ముడు,
సవేలీ యెఫీమోవిచ్ రుసకోవ్